రాజీనామా స్పీచ్‌తో ఇంగ్లీష్ మాటలు నేర్చుకోవడం ఎలా

వొకాబులరీ పెంచుకోవాలంటే రోజుకి పది పదాలు బట్టీ పట్టమంటారు అందరూ, నేనూ ఒకప్పుడు అదే చేశా, నోట్‌బుక్ నిండా పదాలు, పక్కన అర్థాలు, పది రోజులాగి చూస్తే సగం గుర్తులేవు, గుర్తున్నవేమో ఎక్కడ వాడాలో తెలీదు. నాకు నిజంగా పనికొచ్చిన దారి వేరే. ఒక దేశాన్ని నడిపిన మనిషి పదవి వదిలేస్తూ మాట్లాడిన స్పీచ్ ఒక్కటి తీసుకుని, దాన్ని వారం రోజులు వదలకుండా చదవడం, వినడం, అందులో మాటల్ని మన పనికి వాడుకోవడం.

రాజీనామా స్పీచే ఎందుకు అంటే, ఎన్నికల మీటింగ్‌లో మాటలు జనాన్ని ఊపడానికి ఉంటాయి, బడ్జెట్ స్పీచ్‌లో అంకెలే ఎక్కువ, కానీ రాజీనామా చేసేటప్పుడు మాత్రం ప్రతి మాటా తూచి వాడతారు. తప్పు ఒప్పుకోవాలా, ఒప్పుకుంటే ఎంతవరకు, ఎవర్నీ నిందించకుండా కారణం ఎలా చెప్పాలి, ఏ తేదీన వెళ్తున్నారో ఎంత ఖచ్చితంగా చెప్పాలి, ఇవన్నీ మాటల మీదే ఆధారపడి ఉంటాయి. డిక్షనరీ మనకి మాట అర్థం చెప్తుంది గానీ దాని బరువు చెప్పదు. బరువు తెలియాలంటే ఆ మాట ఎవరు, ఏ పరిస్థితిలో, ఏం పోగొట్టుకుంటూ అన్నారో చూడాలి.

మొదటిసారికి నేను చెప్పేది జసిండా ఆర్డెర్న్ స్పీచ్. 2023 జనవరి 19న నేపియర్ అనే ఊళ్ళో న్యూజిలాండ్ ప్రధానిగా తప్పుకుంటున్నానని ప్రకటించింది. 2017లో 37 ఏళ్ళకే ప్రధాని అయిన మనిషి, ఐదేళ్ళు దాటాక తనంతట తానే చాలనుకుంది. ఇంగ్లీష్ చాలా సాదాగా ఉంటుంది, వాక్యాలు చిన్నవి, వీడియో, ట్రాన్స్‌క్రిప్ట్ రెండూ తేలిగ్గా దొరుకుతాయి. అమెరికా అధ్యక్షుడిగా ఉన్న నిక్సన్ 1974 స్పీచ్‌తో మాత్రం మొదలుపెట్టకండి, అది పావుగంట దాకా సాగుతుంది, వాక్యాలు మడతలు మడతలుగా ఉంటాయి, దాని సంగతి తర్వాత చెప్తా.

మొదటి రోజు పెన్ను పట్టుకోవద్దు. సబ్‌టైటిల్స్ ఆపేసి ఒకసారి ఊరికే వినండి, మూడు ప్రశ్నలకి మాత్రం జవాబు వెతకండి: ఎందుకు వెళ్తోంది, ఎప్పుడు వెళ్తోంది, ఎవరి గురించి చెప్తున్నప్పుడు గొంతు మారింది. అన్నీ అర్థం కాకపోయినా పర్లేదు. ఒక్క ఇబ్బంది ఉంది, న్యూజిలాండ్ యాసలో 'ఎ' శబ్దం 'ఇ' వైపు జరుగుతుంది, 'టెన్' అంటే మనకి 'టిన్' లాగా వినిపిస్తుంది, 'యెస్' కూడా 'యిస్' లాగా ఉంటుంది. ఇది తెలియకపోతే మన చెవే బాలేదనుకుని వదిలేస్తాం. రెండోసారి ట్రాన్స్‌క్రిప్ట్ ముందు పెట్టుకుని వినండి, అప్పుడు చెవి అలవాటు పడుతుంది.

రెండో రోజు ట్రాన్స్‌క్రిప్ట్ ప్రింట్ తీసుకోండి, లేదంటే ఫోన్‌లోనే నోట్స్‌లో పేస్ట్ చేసుకోండి. తెలియని మాటలన్నిటి కిందా గీతలు గీసెయ్యకండి. నేను రెండు రకాల మాటలకే గీత గీస్తా, ఒకటి అసలు తెలియనివి, రెండోది, ఇవే ముఖ్యం, తెలుసు అనుకుంటాం కానీ ఇక్కడ వేరేలా వాడారే అనిపించేవి. మొత్తం కలిపి పన్నెండు దాటనివ్వద్దు. పన్నెండు అనేది శాస్త్రం ఏం కాదు, నాకు వారంలో నోటికి వచ్చేవి అన్నే, మీకు ఎనిమిదే అయితే ఎనిమిదే పెట్టుకోండి.

ఇప్పుడు అసలు పని. అందులో అందరికీ గుర్తుండిపోయిన వాక్యం ఇది, 'ఐ నో లాంగర్ హ్యావ్ ఇనఫ్ ఇన్ ద ట్యాంక్ టు డు ఇట్ జస్టిస్'. ఒక్కో ముక్కా విడదీసి చూడండి. 'నో లాంగర్' అంటే ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. 'ఐ డోంట్ హ్యావ్' అంటే లేదు అని మాత్రమే వస్తుంది, 'నో లాంగర్' అన్నప్పుడు ఇన్నాళ్ళూ ఉంది సుమా అనేది కూడా అందులోనే వచ్చేస్తుంది, రెండు మాటల తేడాతో తన ఐదేళ్ళ కష్టాన్ని కూడా చెప్పేసింది. 'ఇన్ ద ట్యాంక్' మనకి కొత్తేం కాదు, ఇంజన్‌లో పెట్రోల్ లాగా మనిషిలో ఓపిక. ఇదే స్పీచ్‌లో కొంచెం ముందు ఇంకో మాట అంటుంది, ఈ పనికి ఫుల్ ట్యాంక్ ఉండాలి, 'ప్లస్ ఎ బిట్ ఇన్ రిజర్వ్', అనుకోకుండా వచ్చే సవాళ్ళ కోసం పైన ఇంకాస్త ఉండాలి అని. బండి రిజర్వ్‌లో పడింది అని మనం రోజూ అనే మాటే కదా, అది మనిషికి వాడొచ్చని మాత్రం ఎప్పుడూ తట్టదు.

ఇక 'డు ఇట్ జస్టిస్', ఇది నాకు చాలా ఇష్టమైన ముక్క. డిక్షనరీలో జస్టిస్ అంటే న్యాయం, కోర్టు, జడ్జి, అలా వెళ్ళిపోతాం. కానీ మన సినిమా రివ్యూల్లో 'ఆ పాత్రకి పూర్తి న్యాయం చేసింది' అని రాస్తారు చూడండి, సరిగ్గా అదే అర్థం ఇక్కడ. ఆ పదవికి న్యాయం చేసే ఓపిక ఇక నాలో లేదు అంటోంది. ఇలా తెలుగులో అచ్చంగా అదే వాడుక ఉన్న మాటలు దొరికినప్పుడు నోట్‌బుక్‌లో వాటికి పక్కన స్టార్ పెట్టుకోండి, అవి జన్మలో మర్చిపోరు. ఈ స్పీచ్‌లోనే ఇంకా ఉన్నాయి. తీసుకోవాల్సి వచ్చిన నిర్ణయాలు 'వెయిటీ' అంటుంది, బరువైన నిర్ణయాలు. ముందున్న సవాళ్ళకి 'ఎ ఫ్రెష్ సెట్ ఆఫ్ షోల్డర్స్' కావాలంటుంది, బాధ్యత భుజాన వేసుకోవడం మనకీ ఉంది, కొత్త భుజాలు అనడం వాళ్ళ పద్ధతి.

తర్వాత ఆ తేదీ వాక్యం. 'ఐ విల్ నాట్ బి సీకింగ్ రీ ఎలెక్షన్' అంటుంది, తన టర్మ్ ఫిబ్రవరి 7కి 'నో లేటర్ దాన్' ముగుస్తుంది అంటుంది. 'సీక్' అంటే వెతకడం అని రాసుకుంటే ఏ ఉపయోగం లేదు, తాళంచెవి పోతే ఎవరూ 'సీక్' అనరు. 'సీక్ పర్మిషన్', 'సీక్ అడ్వైస్', 'సీక్ రీ ఎలెక్షన్', ఇలా తోడు మాటలతో రాసుకోవాలి, అప్పుడు అది అడగడం, కోరడం అనే మర్యాద భాష అని అర్థమౌతుంది. 'నో లేటర్ దాన్' అంటే ఆ తేదీకే అని కాదు, ఆ తేదీలోపు ఎప్పుడైనా అని. నిజంగానే జనవరి 25నే క్రిస్ హిప్‌కిన్స్ కొత్త ప్రధానిగా ప్రమాణం చేశాడు. ఆఫీస్ మెయిల్‌లో డెడ్‌లైన్ పెట్టేటప్పుడు ఈ మాట ఎంత పనికొస్తుందో చూడండి.

ఇంకో చిన్న విషయం, స్పీచ్‌లో 'దిస్ సమ్మర్' అని వస్తుంది, జనవరిలో సమ్మర్ ఏంటి అని ఆగిపోతారు, భూమధ్యరేఖకి కింద ఉన్న దేశం కాబట్టి వాళ్ళకి డిసెంబర్, జనవరి ఎండాకాలం, సెలవుల కాలం. ఆ సెలవుల్లో ఆలోచించుకుని ఇంకో టర్మ్‌కి సిద్ధం అవుదామనుకున్నా, అవ్వలేకపోయా అని చెప్తోందన్నమాట. ఎక్కడి మనిషి ఎప్పుడు మాట్లాడిందో తెలియకపోతే తేలిక మాట కూడా అడ్డం పడుతుంది.

చివర్లో జంటలు వస్తాయి, దయగా ఉంటూనే గట్టిగా ఉండొచ్చు అంటూ 'కైండ్ బట్ స్ట్రాంగ్', ఆ వెంటనే 'ఎంపథెటిక్ బట్ డిసైసివ్', 'ఆప్టిమిస్టిక్ బట్ ఫోకస్డ్'. మధ్యలో ఉన్న 'బట్' ఎంత పని చేస్తోందో గమనించండి, ఎదుటివాళ్ళ కష్టం తన కష్టంలా ఫీలయ్యేవాళ్ళు నిర్ణయాలు తీసుకోలేరు అని లోకం అనుకుంటుంది, ఆ అనుకోవడాన్ని కాదంటోంది. మీరూ ఇలాంటి జంటలు సొంతంగా ఒక మూడు రాయండి, మీకు తెలిసిన టీచర్ గురించో మీ మేనేజర్ గురించో. 'స్ట్రిక్ట్ బట్ ఫెయిర్' లాంటివి. ఒక్క రాత్రిలో ఆరు విశేషణాలు నోటికొస్తాయి.

మూడో రోజు 'రిజైన్' అనే మాట చుట్టూ ఉన్న కుటుంబాన్ని పట్టుకోండి, ఇక్కడే మనవాళ్ళు ఎక్కువ తప్పులు చేస్తారు. మనం 'రిజైన్ ఇచ్చాడు' అంటాం కాబట్టి ఇంగ్లీష్‌లో కూడా 'హి గేవ్ రిజైన్' అనేస్తాం. రిజైన్ క్రియ, ఇచ్చేది 'రెజిగ్నేషన్'. దానికి 'సబ్మిట్', 'హ్యాండ్ ఇన్', ఇంకా లాంఛనంగా అయితే 'టెండర్' అనే క్రియలు తోడొస్తాయి, ఆ టెండర్‌కి కాంట్రాక్టర్ల టెండర్‌కి మూలం ఒకటే, ముందుకు చాచి ఇవ్వడం. పలకడంలో కూడా తేడా ఉంది, స్పెల్లింగ్‌లో 'జి' అక్షరం రెండిట్లోనూ ఉంటుంది, 'రిజైన్' అన్నప్పుడు అది పలకదు, 'రెజిగ్నేషన్' అన్నప్పుడు 'గ్' అని వినిపిస్తుంది, 'సైన్' కి 'సిగ్నేచర్' కి ఉన్న తేడా లాగే. హైఫన్ పెట్టి 'రీ-సైన్' అని రాస్తే అర్థం పూర్తిగా తిరగబడుతుంది, కాంట్రాక్ట్ మీద మళ్ళీ సంతకం పెట్టడం అది. 'బి రిజైన్డ్ టు' అంటే ఇంకొకటి, ఇక తప్పదులే అని మనసు సరిపెట్టుకోవడం.

ప్రిపొజిషన్ కూడా పట్టుకోండి. ప్రధాని పదవికి రాజీనామా అంటే 'రిజైన్ యాజ్ ప్రైమ్ మినిస్టర్', క్యాబినెట్ నుంచి అయితే 'రిజైన్ ఫ్రమ్ ద క్యాబినెట్'. ఇక ఒకే సంఘటనకి పేపర్లు ఎన్ని క్రియలు వాడతాయో చూడండి. 'స్టెప్ డౌన్' మర్యాదగా తప్పుకోవడం, 'స్టాండ్ డౌన్' బ్రిటన్‌లో ఎక్కువ వినిపిస్తుంది, 'క్విట్' చిన్న మాట కాబట్టి హెడ్డింగ్‌లకి ఇష్టం, 'ఫోర్స్‌డ్ అవుట్' అంటే వెళ్ళక తప్పని పరిస్థితి తెచ్చారని, 'ఔస్టెడ్' అంటే గద్దె దించేశారని. ఒక నాయకుడి రాజీనామా మీద నాలుగు పేపర్ల హెడ్డింగులు పక్కపక్కన పెట్టుకుంటే ఏ పేపర్ ఎవరి వైపు ఉందో క్రియ చూసి చెప్పేయొచ్చు, ఇది నేర్చుకున్న రోజు నాకు చాలా ఆనందం వేసింది.

నాలుగో రోజుకి నిక్సన్ దగ్గరికి రండి, కానీ మొత్తం స్పీచ్ వద్దు, మూడు వాక్యాలు చాలు. వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత 1974 ఆగస్టు 8 రాత్రి టీవీలో మాట్లాడాడు. 'ఐ హ్యావ్ నెవర్ బీన్ ఎ క్విట్టర్' అన్నాడు. క్విట్ మామూలు మాటే, సిగరెట్ మానేసినా, ఉద్యోగం మానేసినా క్విట్ అంటారు, కానీ దానికి ఒక 'అర్' తగిలిస్తే తిట్టు అయిపోతుంది, మధ్యలో చేతులెత్తేసే మనిషి అని. రెండో వాక్యంలో రేపు మధ్యాహ్నం నుంచి పదవి వదులుతున్నా అనడానికి 'ఎఫెక్టివ్ ఎట్ నూన్ టుమారో' అన్నాడు. ఈ 'ఎఫెక్టివ్' బాగా పనిచేసే అని కాదు, అమల్లోకి వచ్చే అని. మన ఆఫీస్ ఆర్డర్లలో 'విత్ ఎఫెక్ట్ ఫ్రమ్' అని ఉంటుందే, దాని అన్నదమ్ముడే.

మూడో వాక్యం దగ్గర మాత్రం ఒక గంట కూర్చోండి. జరిగినదానికి బాధపడుతూ అతను అన్నది, 'ఐ రిగ్రెట్ డీప్లీ ఎనీ ఇంజురీస్ దట్ మే హ్యావ్ బీన్ డన్'. 'ఎనీ' అన్నాడు, అంటే ఏవైనా ఉంటే. 'మే హ్యావ్' అన్నాడు, జరిగి ఉండొచ్చు. 'బీన్ డన్' అన్నాడు, చేసిందెవరో లేదు. ఒక్క వాక్యంలో మూడు మెత్తటి దిండ్లు అడ్డం పెట్టుకున్నాడు. 'నేను పొరపాటు చేశాను' అనడానికీ 'ఏదైనా పొరపాటు జరిగి ఉంటే' అనడానికీ తెలుగులో మనకి తేడా తెలుసు కదా, ఇంట్లో ఎవరైనా రెండోది అంటే ఒప్పుకున్నట్టు ఉండదు. న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి, ఆ వెంటనే తన నిర్ణయాల్లో కొన్ని తప్పే అని సూటిగానే అన్నాడు.

ఈ 'రిగ్రెట్' ని మిగతా స్పీచ్‌లలో కూడా వెతికి చూస్తే మాట బరువు అంటే ఏంటో చేతికి తగులుతుంది. అప్పటి బ్రిటన్ ప్రధాని థెరిసా మే 2019 మే 24న డౌనింగ్ స్ట్రీట్‌లో తన అధికార నివాసం బయట మాట్లాడుతూ బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం, పూర్తి చేయలేకపోవడం 'ఎ మ్యాటర్ ఆఫ్ డీప్ రిగ్రెట్' అంది. అక్కడ బాధ ఉంది, క్షమాపణ లేదు. రిగ్రెట్ అంటే అలా జరగకుండా ఉంటే బాగుండేది అని. 'సారీ' దగ్గరివాళ్ళ మాట. 'అపాలజైజ్' లో నేను చేశాను అని ఒప్పుకోవడం ఉంటుంది. 'టేక్ రెస్పాన్సిబిలిటీ' ఇంకో మెట్టు పైన, ఫలితం కూడా నేనే మోస్తా అని. ఈ నాలుగూ మెట్ల లాగా కింద నుంచి పైకి రాసుకోండి, ఇకపై ఏ నాయకుడి, ఏ కంపెనీ ప్రకటన చదివినా ఏ మెట్టు మీద ఆగారో తెలిసిపోతుంది. గ్రామర్‌లో ఒక మెలిక, 'ఐ రిగ్రెట్ టు ఇన్‌ఫార్మ్ యు' అంటే ఇప్పుడు చెడువార్త చెప్పబోతున్నా అని, 'ఐ రిగ్రెట్ టెల్లింగ్ హిమ్' అంటే అప్పుడు చెప్పినందుకు ఇప్పుడు బాధపడుతున్నా అని. ఈ రెండూ కలిపేస్తే మెయిల్‌లో అనుకున్నదొకటి, వెళ్ళేదొకటి.

'డెలివర్' కూడా ఇలాంటిదే. మనకి డెలివరీ అంటే పార్శిల్, లేకపోతే కాన్పు. రాజకీయాల్లో డెలివర్ అంటే చెప్పింది చేసి చూపించడం. మే బ్రెగ్జిట్ డెలివర్ చేయలేకపోయా అంది, 2022 అక్టోబర్ 20న అప్పటి బ్రిటన్ ప్రధాని లిజ్ ట్రస్ కూడా తనని ఎన్నుకున్న 'మ్యాండేట్' డెలివర్ చేయలేను అంది, పదవిలోకి వచ్చి నెలన్నరే అయింది అప్పటికి. మ్యాండేట్ అంటే మన పేపర్లు ప్రజాతీర్పు అని రాస్తాయి, ఆమె మాత్రం కన్జర్వేటివ్ పార్టీ తనకిచ్చిన మ్యాండేట్ అని స్పష్టంగా అంది, ఎందుకంటే ఎన్నుకుంది పార్టీయే, దేశమంతా ఓటేసిన ఎన్నిక కాదు. మాట వెనకాల రాజ్యాంగం ఎలా పనిచేస్తుందో కూడా తెలుస్తుంది ఇలా. ఆమె స్పీచ్ నిమిషంన్నర మాత్రమే, 'సక్సెసర్' అనే మాట కూడా అందులో ఉంది, అంటే తర్వాత వచ్చేవాళ్ళు, ముందు ఉన్నవాళ్ళు 'ప్రెడెసెసర్', ఈ మధ్యలో వెళ్ళబోతూ కుర్చీలో ఉన్నవాళ్ళు 'ఔట్‌గోయింగ్'. ఇదే ఔట్‌గోయింగ్ మామూలు మనిషి గురించి అంటే అందరితో కలివిడిగా ఉంటారని అర్థం, కంగారుపడకండి.

ట్రస్‌కి ముందు బ్రిటన్ ప్రధానిగా ఉన్న బోరిస్ జాన్సన్ 2022 జులై 7 స్పీచ్ సరదా మాటల కోసం వినండి గానీ అన్నీ ఎత్తుకోకండి. 'దెమ్స్ ద బ్రేక్స్' అన్నాడు, మన భాషలో అయితే 'రాత అలా ఉంది, ఏం చేస్తాం'. ఇది కావాలనే గ్రామర్ తప్పి మాట్లాడే వాడుక మాట, అర్థం తెలిస్తే చాలు, పరీక్షలో రాయొద్దు. అందులోనే తనమీద నెలల తరబడి 'స్లెడ్జింగ్' జరిగిందన్నాడు, అంటే ఎదుటివాళ్ళని మాటలతో గుచ్చడం, క్రికెట్ చూసేవాళ్ళకి విడమర్చక్కర్లేదు. క్రికెట్ అంటే ఇష్టం ఉంటే జెఫ్రీ హౌ 1990 నవంబర్ 13న బ్రిటన్ పార్లమెంట్‌లో చేసిన స్పీచ్ తప్పకుండా వినండి. అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్ ప్రభుత్వంలో ఉప ప్రధాని, రాజీనామా చేసి వచ్చి నెమ్మదిగా, గొంతు పెంచకుండా మాట్లాడాడు. ఓపెనింగ్ బ్యాట్స్‌మెన్‌ని క్రీజుకి పంపి, తీరా మొదటి బంతులు పడేసరికి చూసుకుంటే వాళ్ళ బ్యాట్లని మ్యాచ్‌కి ముందే సొంత కెప్టెనే విరిచేసినట్టుంది అన్నాడు. తొమ్మిది రోజులకి, నవంబర్ 22న, థాచర్ తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. గట్టి విశేషణం ఒక్కటి లేకుండా ఒక పోలిక ఎంత లోతుగా దిగుతుందో దాంట్లో చూడొచ్చు. బ్రిటన్ ప్రధానిగా తప్పుకుంటూ డేవిడ్ కామెరన్ 2016లో ఓడ, కెప్టెన్ అన్నాడు, ఆర్డెర్న్ ట్యాంక్ అంది, ఎవరి పోలిక వాళ్ళది, ఒక పేజీలో వీటిని పోగేసుకుంటూ ఉండండి.

ఐదో రోజు నోరు తిరగాలి. ఆర్డెర్న్ స్పీచ్‌లో రెండు నిమిషాల ముక్క తీసుకుని ఆమెతో పాటే, అర సెకను వెనకగా పలకండి, ఆమె ఆగిన చోటే ఆగండి. యాస దించమని కాదు, ఏ మాటల్ని గుంపుగా పలుకుతున్నారు, ఏ మాట మీద ఒత్తు పెడుతున్నారు అనేది పట్టుకోవాలి. రికార్డ్ చేసుకుని ఒక్కసారి వినండి, ఇబ్బందిగా అనిపించినా వినండి, మార్పు తెలిసేది అక్కడే.

ఆరో రోజు రాయాలి, ఈ రోజు మాత్రం ఎగ్గొట్టొద్దు. మీరు ఏదైనా ఒకటి వదిలేస్తున్నట్టు ఊహించుకోండి, ఉద్యోగం కావచ్చు, టీమ్ లీడ్ పని కావచ్చు, ఓ వాట్సాప్ గ్రూప్ అడ్మిన్‌గా తప్పుకోవడం అయినా సరే. నూట యాభై మాటల్లో, ఏ హోదా నుంచి తప్పుకుంటున్నారో 'యాజ్' తో, ఎప్పటినుంచో 'ఎఫెక్టివ్' తోనో 'నో లేటర్ దాన్' తోనో, కారణం ఎవర్నీ నిందించకుండా, చేయలేకపోయింది ఒక్కటి ఆ నాలుగు మెట్లలో మీకు నిజమనిపించిన మెట్టు మీద నిలబడి, తర్వాత వచ్చేవాళ్ళకి ఒక మంచి మాట. పన్నెండు మాటల్లో కనీసం ఏడు రావాలి. నేను మొదటిసారి రాసినప్పుడు 'డు ఇట్ జస్టిస్' సహజంగా కుదిరింది, 'వెయిటీ' మాత్రం ఎంత తోసినా పట్టలేదు, అలాంటప్పుడు బలవంతంగా ఇరికించకుండా ఆ మాటని పక్కన పెట్టి వచ్చే వారానికి మోసుకెళ్ళండి.

ఏడో రోజు నోట్‌బుక్ మూసేసి ట్రస్ స్పీచ్ ఒకసారి వినండి, నిమిషంన్నరే కదా. 'రిజైనింగ్ యాజ్', 'డెలివర్', 'మ్యాండేట్', 'సక్సెసర్' వినిపించినప్పుడల్లా వేలు మడవండి, ఎక్కడ చెవి దాటిపోయిందో ఆ మాటతోనే ఎనిమిదో రోజు మొదలుపెట్టండి.